బాబాయి బ్యాటరీ, అత్తగారి లెక్క

కాలిక్యులేటర్ అరచేతిలో ఇమిడిపోయే వస్తువేగానీ, దాన్ని తయారుచేసేవాళ్ళ గొడవలు మాత్రం ఒక పెద్ద హాల్లో కూడా ఇమడవు. సమానం గుర్తు మీట ఎంత పెద్దదిగా ఉండాలన్న విషయం మీద మాటలు మానేసుకున్నవాళ్ళు ఆ ఆఫీసులో ఉన్నారు. ఒక్క అంకె చెరిపే మీట, మొత్తం తుడిచేసే మీట పక్కపక్కనే ఉండాలా, ఎడంగా ఉండాలా అని గొంతులు పోయేలా అరుచుకుని, చివరికి పక్కపక్కనే పెట్టి రంగులు మార్చారు. అయిదు అంకె మీద చేతికి తగిలేలా చిన్న బొడిపె ఉండాలన్నది ఒక్కటే గొడవ లేకుండా తేలిన సంగతి. అదైనా ఆ రోజు కంపెనీ పెద్దాయన సెలవులో ఉన్నాడు కాబట్టి.

సైకిళ్ళ దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. కిటికీ తెరిస్తే కింద గాలి పంపు కొడుతున్న చప్పుడు, మూస్తే లోపల మనుషులు వాదించుకుంటున్న చప్పుడు. ఏ మీట నొక్కితే తెర మీద ఏం జరగాలో తేల్చి, దానికి ప్రోగ్రాం రాయడం కోడలి పని. ఆఫీసులో ఆమెను ఎవరూ కోడలని పిలవరు. కానీ ఇది ఆవిడా, ఆవిడ అత్తగారూ కలిసి నడిపిన కథ కాబట్టి మనకు ఆమె కోడలే.

ఆ ఏడాది బడి పిల్లల కోసం సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒకటి కొత్తగా చేస్తున్నారు. దాని మీద కోడలికి ఉన్న మోజు అంతా ఇంతా కాదు. భిన్నం నొక్కితే పుస్తకంలో ఉన్నట్టే పైన ఒక అంకె, మధ్యన గీత, కింద ఒక అంకె కనిపిస్తాయి. వర్గమూలం నొక్కితే అంకె నెత్తిన పొడుగాటి గీత చక్కగా పరుచుకుంటుంది. బ్రాకెట్టు మూయడం మర్చిపోతే, ‘తప్పు’ అని మొహాన కొట్టి ఊరుకోకుండా, ఎక్కడ మర్చిపోయారో అక్కడికే మినుకుమినుకుమనే గీత వెళ్ళి నిలబడుతుంది. పిల్లలు సిగ్గుపడకుండా తప్పు దిద్దుకోవాలని కోడలు పట్టుబట్టి చేయించిన ఏర్పాటు అది. చెప్పుకోవడానికి ఏముంది గానీ, దాన్ని తలుచుకుని తనలో తాను మురిసిపోయేది.

ఇక బ్యాటరీ సంగతి చూసేది పొదుపు బాబాయి. ఆ ఆఫీసులో అందరికన్నా సీనియరు ఇంజినీరు. ‘పొదుపు’ అన్నది వెనకాల పిలుచుకునేది, ఎదురుగా అందరికీ ‘బాబాయ్’. లోపల మనిషి ఉన్నాడా లేడా అని చూడకుండా బాత్రూములో లైటు ఆర్పేసే మనిషి ఆయన. ఎన్నోసార్లు ఎందరో చీకట్లో అరిచారు, ఆయన మారలేదు. కాలిక్యులేటర్ కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతట అదే ఆరిపోతుంది కదా, మిగతా కంపెనీలవాళ్ళు పెట్టే ఆ వ్యవధిని బాబాయి సగానికి సగం కోసేశాడు. ఆరిపోయినప్పుడు తెరతోపాటు లోపలి జ్ఞాపకానికి కూడా కరెంటు కట్. నొక్కినదంతా గాలికి పోయినట్టే. దీనివల్ల హైస్కూల్లో చేరినప్పుడు వేసిన బ్యాటరీ హైస్కూలు దాటేదాకా వస్తుందని లెక్కగట్టి, ఆ ముక్క డబ్బా మీద పెద్దక్షరాలతో వేయించాలని ఆయన ముచ్చట.

పరీక్షలు కూడా గట్టిగానే చేశారు. ఆఫీసులో మీటలమ్మాయి అని ఒక పిల్ల ఉండేది. ముందే అచ్చేసి పెట్టిన లెక్కల కాగితం చూస్తూ పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా మీటలు టకటకా నొక్కడమే ఆమె ఉద్యోగం. అది చాలక, దగ్గర్లో ఉన్న బడికి కబురు పెట్టి, వాడి చూడటానికి కొందరు పిల్లల్ని పంపమన్నారు. బడివాళ్ళు పంపమంటే ఎవర్ని పంపుతారు? క్లాసులో ముందు బెంచీ వాళ్ళని, లెక్కల్లో దిట్టల్ని, తల దువ్వించి మరీ పంపారు. ఆ పిల్లలు తమకిచ్చిన లెక్కలన్నీ చిటికెలో ఊది పారేసి, ‘చాలా బాగుందంకుల్’ అని చెప్పి పోయారు. ఎక్కడా ఏ లోపమూ కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? ఆ గదిలో ఎవరూ లెక్క చేయరు, లెక్క నొక్కుతారు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ ఆ తేడా తట్టలేదు. మన కోడలికీ తట్టలేదు.

అత్తగారి గురించి చెప్పాలి. కోడలు ఆ ఇంట అడుగుపెట్టేసరికి ఆమె చదువు సగంలో ఉంది. ఆఖరి సంవత్సరం మొదలవకముందే కూతురు పుట్టింది. చుట్టాలందరూ ‘ఇంకేం చదువు’ అని తేల్చేశారు. అత్తగారు మాత్రం ఎవరితోనూ వాదించలేదు. పసిదాన్ని భుజాన వేసుకుని, ‘నువ్వు కాలేజీకి పో, దీని సంగతి నేను చూసుకుంటా’ అంది. అనడమే కాదు, మధ్యాహ్నం పాలవేళకి పిల్లని ఎత్తుకుని బస్సెక్కి కాలేజీకి వచ్చేది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఎదురుచూసేది. ఎండైనా వానైనా ఆవిడ రాని రోజు లేదు. సొంత తల్లి కూడా అంత చేసి ఉండదని కోడలు బాహాటంగానే చెప్పేది, సొంత తల్లి ఎదుట కూడా.

అలాంటి అత్తగారు తాను మాత్రం ఎనిమిదో తరగతిలోనే బడి మానేసింది. ఇంట్లో వెనకాల పుట్టిన తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఎత్తుకోవడానికి మనిషి కావలసి వచ్చి మాన్పించేశారు. ఇన్నేళ్ళ తర్వాత మనవరాలు తొమ్మిదిలోకి వచ్చాక, దాని పుస్తకాలు తిరగేస్తూ తిరగేస్తూ, ఒకరోజు తానే వెళ్ళి పెద్దవాళ్ళు చదువుకునే సాయంత్రం బడిలో పేరు రాయించుకుని వచ్చింది. ఇంట్లోవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. భాషలు, చరిత్ర, సైన్సు అన్నీ గట్టెక్కింది. లెక్కలే మిగిలాయి. ఒకసారి రాసింది, పోయింది. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయింది. “ఈసారి కూడా పోతే పుస్తకాలు కట్టి అటక మీద పెట్టేస్తా. ఈ వయసులో నాకెందుకమ్మా ఈ పరువు తక్కువ” అని తేల్చి చెప్పింది.

ఆవిడది నిదానం. తెలివి తక్కువై కాదు, ఏ సంగతైనా నాలుగువైపులా తిప్పి చూస్తేగానీ చెయ్యి వేయదు. మాట మధ్యలో ఆగితే కొడుకు అందుకుని పూర్తిచేసేవాడు, వాడు తప్పుగా పూర్తిచేస్తే మనవరాలు దిద్దేది. ఈలోపు ఆవిడ అసలు ఏమనబోయిందో అందరూ మర్చిపోయేవాళ్ళు.

కొత్త కాలిక్యులేటర్ల నమూనాలు చేతికొచ్చిన రోజునే కోడలు ఒకటి ఇంటికి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. ఈసారి లెక్కల పరీక్షలో కాలిక్యులేటర్ వాడనిస్తారని తెలిసి మరీ తెచ్చింది. మూత జరిపి, వెనక్కి తగిలించి, ఏ మీట ఎందుకో పక్కన కూర్చుని చూపించింది. మనవరాలు లాక్కుని అరనిమిషంలో అన్నీ నొక్కేసి “అదిరిందమ్మా” అంది. అత్తగారు దాన్ని కొంగుతో తుడిచి అపురూపంగా అలమరలో పెట్టుకుంది. తర్వాత ఎప్పుడడిగినా “బ్రహ్మాండంగా ఉందమ్మా” అనే చెప్పేది. కోడలు పొంగిపోయేది.

ఒకరోజు ఆఫీసు వీధిలో కరెంటు పోయింది. ఎంతకీ రాకపోయేసరికి అందరినీ ఇంటికి పొమ్మన్నారు. కోడలు మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ లోపలికి చూసింది. అత్తగారు బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా పుస్తకం, చేతికింద కాలిక్యులేటర్. ఏదో పొడుగాటి లెక్క సగందాకా నొక్కి, ఆగి, గోడ మీద ఏమీ లేని చోటును చూస్తూ ఆలోచనలో పడింది. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ఏదో తట్టినట్టుంది, మొహం విప్పారింది, కిందికి చూసింది. తెర ఆరిపోయి ఉంది.

“మళ్ళీ పడుకున్నావా తల్లీ” అంది అత్తగారు కాలిక్యులేటర్‌తో. కోపం లేదు ఆ గొంతులో. మళ్ళీ వెలిగించి, మొదటి అంకె నుంచి నొక్కడం మొదలుపెట్టింది. సగం నొక్కేసరికి ఇందాక తట్టిన సంగతి కాస్తా జారిపోయినట్టుంది, మళ్ళీ గోడ వైపు చూసింది. మళ్ళీ తెర ఆరిపోయింది. ఈసారి ఆవిడ దాన్ని వెలిగించలేదు. మూత పెట్టేసి, పుస్తకం మూసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

కోడలు చెప్పు ఒకటి విప్పి, ఒకటి విప్పకుండానే లోపలికి వచ్చేసింది.

“అత్తయ్యా, ఎన్నాళ్ళ నుంచి ఇలా అవుతోంది?”

అత్తగారు దొంగతనం బయటపడ్డట్టు కంగారుపడింది. “ఏమీ లేదమ్మా. తెచ్చినప్పటి నుంచీ అంతే. నేనే కాస్త నెమ్మది కదా.”

“మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం? అడిగినప్పుడల్లా బ్రహ్మాండంగా ఉందన్నారు!”

“బ్రహ్మాండంగానే ఉంది. నీ కూతురికి బాగుంది, ఆ బడి పిల్లలందరికీ బాగుందన్నావు. నా ఒక్కదానికి సరిపోకపోతే అది దాని తప్పెలా అవుతుంది? నువ్వు కష్టపడి చేసినదానికి వంక పెట్టడానికి నాకు నోరెలా వస్తుందమ్మాయ్?” పుస్తకం పక్కకి జరిపి, “అయినా ఇంక దీంతో పనిలేదులే. పరీక్షకి వెళ్ళకూడదనే అనుకుంటున్నా. వస్తువు కూడా విసుక్కునేంత నెమ్మదైతే, ఇంక మనుషుల మాట చెప్పాలా” అంది, నవ్వుతూనే.

సిగ్గు పడకుండా తప్పులు దిద్దుకోవాలని గొప్పగా రాసిన ప్రోగ్రాం కోడలిది. దాన్ని పట్టుకుని తన అత్తగారే ఇన్నాళ్ళూ సిగ్గుపడుతూ కూర్చుంది. కోడలికి ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు ఒళ్ళు మండింది కూడా, ఎవరి మీదో కాదు, తన మీదే.

“పరీక్షకి వెళ్తున్నారు మీరు. దీని సంగతి నాకు వదిలేయండి” అంది.

మర్నాడు ఆఫీసులో ఆమె బాబాయి బల్ల ముందు తిష్ఠ వేసింది. వారం చివర్లో ప్రోగ్రాం చిప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఒకసారి వెళ్ళిందంటే చిప్పులో ముద్ర పడిపోయినట్టే, ఇక దేవుడు దిగివచ్చినా మార్చలేడు.

“వ్యవధి పెంచమంటావు. పెంచను” అన్నాడు బాబాయి తలెత్తకుండా.

“పెంచొద్దు బాబాయ్. ఎంత పెంచినా అంతకన్నా ఎక్కువసేపు ఆలోచించేవాళ్ళు ఒకరు ఉండనే ఉంటారు. దాన్ని పడుకోనివ్వండి. లేచాక ఎక్కడ ఆగిందో గుర్తుంటే చాలు. నొక్కిన వరస నొక్కినట్టు, గీత ఉన్నచోట ఉన్నట్టు.”

“అంటే నిద్రలో కూడా జ్ఞాపకానికి కరెంటు ఇస్తూ ఉండాలి. నా బ్యాటరీ ఏం కావాలి? పిల్లలు వాడారుగా, ఒక్కడైనా అన్నాడా? లెక్క మధ్యలో అంతసేపు ఆలోచించేది ఎవరమ్మాయ్?”

“మా అత్తగారు.”

గదిలో అందరూ గొల్లుమన్నారు. పెద్దాయన కూడా గాజు తలుపు వెనక నవ్వు ఆపుకోలేకపోయాడు. బాబాయి కళ్ళజోడు తీసి, “అయితే తీసుకురా మీ అత్తగారిని. నేనూ చూస్తా, ఎంతసేపు ఆలోచిస్తారో” అన్నాడు. వెటకారానికే అన్నాడు. కోడలు మాత్రం దాన్ని పట్టుకుంది.

ఇంట్లో ఒప్పించడం ఇంకా కష్టమైంది. “అంతమందిలో నీ పరువు తీయడానికా?” అంది అత్తగారు. “మీరు ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చేయండి. నాకు అంతకన్నా సాయం ఇంకొకటి లేదు” అంటే, ‘సాయం’ అన్న మాట దగ్గర మెత్తబడింది. కోడలికి సాయమంటే ఆవిడ కాదనలేదు, ఎప్పుడూ అనలేదు కూడా.

అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని ఆఫీసుకి వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతుంటే మీటలమ్మాయి పరిగెత్తుకొచ్చి కుర్చీ వేసి, టీ తెచ్చి ఇచ్చింది. కోడలి బాబాయి అంటే వరసకు వియ్యంకుడు కాబట్టి, అత్తగారు “బాగున్నారా అన్నయ్యగారూ” అని పలకరించింది. వెటకారానికి సిద్ధమై వచ్చిన మనిషి ఆ పిలుపుకి తడబడి, “బాగున్నానక్కయ్యగారూ” అన్నాడు. అంతటితో ఊరుకోలేదులెండి. ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన లెక్కల పుస్తకంలోంచి తానే ఒక లెక్క ఏరి ఇచ్చాడు. గింజలు పోసే గాదె ఒకటి, కింద స్థూపాకారం, పైన శంఖువులాంటి కప్పు. మొత్తం ఘనపరిమాణం ఎంత? కప్పు ఎత్తు ఇవ్వలేదు, వాలు పొడవు ఇచ్చారు. ఎత్తు మనమే రాబట్టుకోవాలి. బాబాయి చేతిగడియారం విప్పి బల్ల మీద ఎదురుగా పెట్టుకుని, ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

అత్తగారు లెక్క ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. గాదె కింది భాగం సునాయాసంగా నొక్కింది, కూడిక గుర్తు వేసింది, కప్పుకోసం మూడింట ఒకటో వంతు భిన్నం కూడా పుస్తకంలోలాగే చక్కగా వేసింది. అక్కడ ఆగింది. చూపుడువేలితో బల్ల మీద కప్పు బొమ్మ గీస్తూ, కళ్ళు పైకెత్తి, ఎటో వెళ్ళిపోయింది. గదిలో ఎవరూ కదల్లేదు. కింద సైకిళ్ళ దుకాణంలో గాలి కొడుతున్న చప్పుడు ఒక్కటే.

తెర ఆరిపోయింది.

అత్తగారు కిందికి చూసి, “అన్నయ్యగారూ, మీ పిల్లకి నిద్రెక్కువ” అంది. గదిలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. బాబాయి మాత్రం నవ్వలేదు. ఆవిడ మళ్ళీ వెలిగించి, స్థూపం మొదటి అంకె దగ్గర నుంచి ఓపిగ్గా నొక్కుకుంటూ వచ్చింది. నిట్టూర్చలేదు. భిన్నందాకా వచ్చి మళ్ళీ ఆగింది. వేలు మళ్ళీ బల్ల మీద బొమ్మ గీయడం మొదలుపెట్టింది. గడియారం చూస్తున్న బాబాయి చూపు నెమ్మదిగా ఆ వేలి మీదికి మళ్ళింది. అంతలో తెర మళ్ళీ ఆరిపోయింది. ఆవిడ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

మూడోసారి ఆవిడ ఆ భిన్నం దగ్గర ఆగినప్పుడు, కోడలు ఒక సంగతి చూసింది. బాబాయి చెయ్యి బల్ల అంచు మీంచి నెమ్మదిగా ముందుకు జరిగింది. తెర ఆరిపోయే వేళకి ఆయన వేలు ఎడమవైపు బాణం మీటను ఒకసారి తాకింది, వెంటనే కుడివైపు బాణాన్ని ఒకసారి తాకింది. మినుకుమినుకుమనే గీత ఒక అడుగు వెనక్కి వెళ్ళి, మళ్ళీ ఉన్నచోటికి వచ్చి నిలబడింది. తెర ఆరలేదు. ఆవిడ నొక్కింది నొక్కినట్టే ఉంది.

అత్తగారు పైకే చూస్తోంది. బాబాయి మళ్ళీ నొక్కాడు, ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి. గడియారాన్ని జేబులో వేసేసుకున్నాడు. పెద్దాయన తలుపు తెరిచి ఏదో అడగబోతే, పెదవుల మీద వేలు పెట్టి ఒక్క చూపు చూశాడు. పెద్దాయన తన గదిలోకి తాను మునివేళ్ళ మీద వెళ్ళిపోయాడు. మీటలమ్మాయి ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. బాబాయి చిరాకు లేకుండా, తొందర లేకుండా, మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తూ కూర్చున్నాడు. బాత్రూములో మనిషిని ఉంచి లైటార్పేసే మనిషి! కోడలికి ఆయన మీద అప్పటిదాకా ఉన్న ఉక్రోషమంతా కరిగిపోయింది. లేచి వెళ్ళి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

చాలాసేపటికి అత్తగారు “ఆ…” అంది. కప్పు మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, వాలు వర్గంలోంచి అడుగు వ్యాసార్ధం వర్గం తీసేసి, వర్గమూలం నొక్కి, అడుగు వైశాల్యంతో హెచ్చవేసి, సమానం నొక్కింది. జవాబు వచ్చింది. బాబాయి పుస్తకం వెనక పేజీలో చూశాడు. అదే జవాబు.

ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. అటూ ఇటూ తిరిగాడు. అలవాటు కొద్దీ వరండా లైటు ఆర్పి, తిరిగి లోపలికి వచ్చాడు.

“వరస ఒక్కటీ గుర్తుంటే చాలా అమ్మాయ్, లేక పాత జవాబులు కూడా కావాలా?”

“వరస చాలు బాబాయ్. గీత ఎక్కడుందో అదీ.”

“బ్యాటరీ ఏడాది తగ్గుతుంది.”

“తగ్గుతుంది.”

“డబ్బా మీద ఆ ముక్క వేయించుకోవడానికి వీల్లేదు.”

ఆ ముక్క మీద ఆయనకి ఎంత ముచ్చటో కోడలికి తెలుసు.

“పోనీ” అన్నాడు బాబాయి. బ్యాటరీ విషయంలో ఆయన నోట ఆ మాట ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరూ వినలేదు. కోడలు వెంటనే ‘చాలా థాంక్స్ బాబాయ్’ అనబోయింది. ఆయన “వెళ్ళు వెళ్ళు, రాసుకో పో, వారం చివరికి పంపాలి” అని కసిరి, తన బల్ల దగ్గరికి పోయాడు.

ఆ వారమంతా కోడలికి తిండీ నిద్రా తిన్నగా లేవు. బాబాయి తన భాగం తాను మార్చి ఇచ్చాడు, ఆమె తన భాగం రాసింది, మీటలమ్మాయి ఈసారి సగం నొక్కి, దాన్ని అలాగే వదిలేసి, టీ తాగి వచ్చి చూసేది. ప్రోగ్రాం అనుకున్న రోజుకే ఫ్యాక్టరీకి వెళ్ళింది. కొన్ని నెలలకి కాలిక్యులేటర్లు డబ్బాల్లో దిగాయి. మొదటి డబ్బా విప్పగానే బాబాయి ఒకటి తీసి, గట్టిగా ఊది దుమ్ము పోగొట్టి, “ఇది మా అక్కయ్యగారికి” అని కోడలి చేతిలో పెట్టాడు.

పరీక్ష రోజున కోడలు సెలవు పెట్టి, పరీక్ష బడి గేటు అవతల నిలబడింది. గంట కొట్టగానే రాసినవాళ్ళంతా బిలబిలమంటూ బయటికి వచ్చారు, జవాబులు సరిచూసుకున్నారు, వెళ్ళిపోయారు. అత్తగారు రాలేదు. కోడలు గేటు ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూసింది. అందరూ పోయాక, చివరాఖరికి, ఆవిడ కాలిక్యులేటర్‌ని గుండెకి ఆనించుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

“ఎలా రాశారత్తయ్యా?”

“అది మధ్యలో చాలాసార్లు పడుకుంది” అంది అత్తగారు. “లేపినప్పుడల్లా ఎక్కడున్నామో చెప్పింది. ఇంక దాన్ని ఏమీ అనకు.”

ఫలితాలొచ్చాయి. అత్తగారు లెక్కలు గట్టెక్కింది. గొప్ప మార్కులేం కావు, గట్టెక్కడానికి కావలసినన్ని. కొడుకు ఫోను మీద ఫోను చేసి చుట్టాలందరికీ చాటాడు, ‘ఇంకేం చదువు’ అన్న చుట్టాలతో సహా. మనవరాలు నాన్నమ్మని ఎత్తి తిప్పబోయి, ఎత్తలేక ఇద్దరూ కలిసి మంచం మీద పడ్డారు. కోడలు వంటింట్లో నిలబడి కాసేపు తనివితీరా ఏడ్చింది. కాలేజీ గేటు దగ్గర ఆ వాచ్‌మన్ కుర్చీ, దాన్లో పసిపిల్లతో ఈవిడ, అంతా కళ్ళముందు కదిలింది. ఆవిడకి తాను చేసింది ఏపాటిదిలే అనిపించింది. ఏపాటిదైనా చేయగలిగినందుకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

మర్నాడు అత్తగారు బిస్కెట్ల డబ్బా ఒకటి చేత పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. అందరికీ తలా రెండు పంచింది. బాబాయి దగ్గరికి వెళ్ళి, “మీ చలవ అన్నయ్యగారూ” అంది. ఆయన సిగ్గుపడిపోయి, “నాదేముందక్కయ్యగారూ, అంతా అమ్మాయే” అంటూ బిస్కెట్టు మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు.

తిరిగి వెళ్తుంటే కోడలు బస్సుదాకా తోడు వెళ్దామని మెట్లు దిగింది. రెండో మెట్టు మీద ఇక చెప్పకుండా ఉండలేకపోయింది.

“మీకు తెలియదు కానీ అత్తయ్యా, ఆ రోజు మీరు ఆలోచిస్తున్నంతసేపూ తెర ఆరిపోకుండా బాబాయి పక్కనుంచి బాణాలు నొక్కుతూనే ఉన్నాడు.”

“తెలియకపోవడమేంటి, చూశాను.”

కోడలు ఆగిపోయింది. “చూశారా! పైకి చూస్తున్నారుగా మీరు?”

“కంటి చివర్లోంచి కనిపిస్తుంది కదమ్మా.” అత్తగారు కొంగు సర్దుకుంది. “ఆ కప్పు ఎత్తు ఎలా తీయాలో ఆయన రెండోసారి నొక్కేసరికే తట్టింది నాకు.”

“మరి అంతసేపు అలా కూర్చున్నారేం?”

అత్తగారు వెంటనే చెప్పలేదు. కోడలు మాట అందించకుండా ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడింది.

“నేను ఆలోచించుకుంటూ ఉంటే, ఒక మనిషి గడియారం జేబులో పెట్టేసుకుని పక్కన కూర్చోవడం నా జన్మలో అదే మొదటిసారి అమ్మాయ్. అప్పుడే ముగించేయడానికి మనసొప్పలేదు.”

కోడలు ఆ మెట్టు మీదే కూలబడింది. అత్తగారు కూడా పక్కన చతికిలపడి, డబ్బాలో మిగిలిన బిస్కెట్టు తుంచి సగం ఆమె చేతిలో పెట్టింది. వీధి చివర బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.